ఎంగిలి పని

పై దవడలో ఒక పన్ను కదులుతోందని నేను చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. అన్నం ఒక పక్కనే నములుతుంటే మావారు కనిపెట్టారు. నా మాట వినకుండా ఆటో ఎక్కించి, కొవ్వూరు నుంచి వంతెన దాటించి రాజమండ్రి తీసుకెళ్ళారు. అదొక పెద్ద పళ్ళ ఆసుపత్రి. గాజు తలుపులు, చల్లటి గది, గోడ నిండా నవ్వే మొహాలు. నాకు వింతగా తోచిందేమిటంటే లోపల ఏ వాసనా లేదు. పళ్ళ డాక్టరు గది అంటే నా ముక్కుకు తెలిసింది లవంగ నూనె వాసన, దాని వెనకే ఫినాయిల్, ఓ మూల నుంచి కాగే నీళ్ళ ఆవిరి. ఇక్కడ అవేవీ లేవు. నీలం గ్లవుజులు, మూతికి మాస్కు వేసుకున్న అమ్మాయి నా కళ్ళ ముందే ఒక కాగితం ప్యాకెట్టు చించి, అందులోంచి చిన్న అద్దం, కొక్కెం, పట్టకారు తీసి పళ్ళెంలో పెట్టింది. "ఇవి మీ ఒక్కరికేనండి మామ్మగారూ. ఒకరి నోట్లో పెట్టినవి మళ్ళీ శుద్ధి చెయ్యకుండా ఇంకొకరికి ముట్టించం" అంది, నేను భయపడుతున్నానేమో అనుకుని.

భయమేం లేదు. డాక్టరు నా నోట్లోకి చూస్తూనే చెయ్యి పక్కకి చాపాడు. ఆ అమ్మాయి అప్పుడే కంప్యూటరు వైపు తిరిగింది. నా చెయ్యి నన్నడక్కుండానే పళ్ళెంలోకి పోయి, పట్టకారు తీసి, పిడి అతని వైపు ఉండేలా తిప్పి అరచేతిలో పెట్టింది. డాక్టరు ఆగిపోయి నా వంక చూశాడు. తర్వాత ముగ్గురం నవ్వుకున్నాం. "ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడిగింది అమ్మాయి. పాలకొల్లులో అన్నాను, పెళ్ళికి ముందు ఏడాదిన్నర పైన చేశానన్నాను. "మరెందుకు మానేశారు?" అంది. "పెళ్ళయిందమ్మా" అన్నాను. ఆ జవాబు చాలన్నట్టు తలూపి తన పనిలో పడింది. తిరుగు దారిలో వంతెన పొడుగునా గోదావరి వంకే చూస్తూ కూర్చున్నాను. నొప్పిగా ఉందా అని మావారు రెండుసార్లు అడిగారు. లేదన్నాను. నాకు గుర్తొచ్చింది మా పెద్దమ్మ. ఆవిడ గుర్తొస్తే నేను మాట్లాడలేను, ఇప్పటికీ.

మా నాన్నది పాలకొల్లు బజార్లో బెల్లం, చింతపండు కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు, పెరట్లో నుయ్యి. ఎండాకాలం వస్తే బెల్లం దిమ్మలు చెమర్చి ఇల్లంతా తియ్యటి పులుపు వాసన వేసేది. మా బట్టలకీ అదే వాసన, పుస్తకాలకీ అదే. పెద్దమ్మ అంటే నాన్నకి వదిన. పెదనాన్న చిన్న వయసులోనే పోయాడుట, నాకు ఆయన మొహం తెలియదు. పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఆవిడకి ఉన్నదల్లా వంటిల్లు. అది మాత్రం పూర్తిగా ఆవిడదే. తెల్లారకముందే నూతి దగ్గర స్నానం చేసి, ముందు రోజు కర్రతో పైకెత్తి దండెం మీద ఎవరికీ తగలకుండా ఆరేసిన మడిచీర, మళ్ళీ ఆ కర్రతోనే దించి కట్టుకునేది. పొయ్యి రాజేసిన దగ్గర్నుంచి దేవుడికి నైవేద్యం అయ్యేవరకూ ఆవిడని ఎవరం ముట్టుకోకూడదు. మా అమ్మ చిన్న కోడలు, కూరలు తరిగి గడప ఇవతల పెట్టడం వరకే ఆమె పని. ఈవేళ ఏ కూర, ఏ పప్పు, వచ్చిన చుట్టానికి భోజనమా ఫలహారమా, అన్నీ పెద్దమ్మే చెప్పాలి. నాన్నంతటి వాడు కొట్లోంచి వచ్చి గడప దగ్గర నిలబడి "వదినా, సంతలో పనసకాయలు బాగున్నాయి, పంపమంటావా?" అని అడిగేవాడు. ఆవిడ ఊఁ అంటే పనసపొట్టు కూర, లేకపోతే లేదు.

ఆ పనసపొట్టు కూరకి ఆవ పెట్టడం మా చుట్టాల్లో పెద్దమ్మకే చేతనవునని చెప్పుకునేవారు. అన్నిటికంటే నాకు ఆశ్చర్యం, ఆవిడ ఏదీ రుచి చూసేది కాదు. దేవుడికి పెట్టకముందు ఎంగిలి చెయ్యకూడదు కదా. గరిటెతో కాస్త ఎత్తి, వాసన చూసి, ఉప్పు చాల్లేదనుకుంటే ఒక రాయి వేసేది. సరిపోయేది. "ఎలా తెలుస్తుంది పెద్దమ్మా?" అంటే "పులుసే చెబుతుందే" అనేది. నవ్వుతుందో లేదో తెలియనివ్వని మనిషి. నా చిన్నప్పుడు గోరుముద్దలు పెట్టింది ఆవిడే, జడ వేసింది ఆవిడే, అమ్మ కసిరితే వెనకేసుకొచ్చింది ఆవిడే.

ఆవిడ పట్టింపు అంతా శుభ్రత గురించే అని నేను చెప్పను. అందులో కులం ఉంది. బస్తాలు మోసేవాళ్ళకి మంచినీళ్ళు ఎత్తు నుంచి దోసిట్లో పోసేది. అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ ఆ మడే లేకపోతే ఆ ఇంట్లో ఆవిడ ఎవరు అన్న ప్రశ్న నాకు ఆ వయసులో తట్టలేదు. ఆవిడకి తెలిసే ఉంటుంది.

నేను ఇంటరు తప్పాను. నాన్న ఇంక చాల్లే అన్నాడు. ఇంట్లో కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తున్న రోజుల్లో, బట్టల కొట్టు మేడ మీద కాకినాడ వైపు నుంచి కొత్తగా ఒక పళ్ళ డాక్టరు గారు దిగారు. మంచి చెయ్యి అని పేరు రాగానే మగవాళ్ళు బాగానే వెళ్ళేవారు. ఆడవాళ్ళు మాత్రం మెట్ల దాకా వెళ్ళి, పరాయి మగాడి ముందు అంత నోరు తెరవడానికి సిగ్గుపడి, కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కొచ్చేసేవారు. అందుకని ఆయనకి బజార్లో అందరికీ తెలిసిన ఇంటి ఆడపిల్ల ఒకతె పక్కన కావలసి వచ్చింది. కొట్టుకి వచ్చి నాన్నని అడిగారు. "పని నేర్పిస్తానండి. రెండేళ్ళు నా దగ్గర చేసిందంటే రాజమండ్రిలో పెద్దాసుపత్రికి నేనే చెబుతాను. జీవితాంతం పనికొచ్చే విద్య" అన్నారు. నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "కుట్టు మిషను తొక్కడం వచ్చామ్మా?" వచ్చన్నాను. ఆ ప్రశ్న ఎందుకో పనిలో చేరాక తెలిసింది. కరెంటు పోతే ఆయన దగ్గర కాలితో తొక్కే డ్రిల్లు ఒకటి ఉండేది. నేను తొక్కాలి, ఆయన పంటిని తొలవాలి. వేగం తగ్గితే నొప్పి పుడుతుంది, ఎక్కువైతే పన్ను వేడెక్కుతుంది. ఆయన మాట్లాడకుండా కనుబొమ్మ ఎత్తితే వేగం పెంచాలి, దించితే తగ్గించాలి.

బజారు వాళ్ళు ఊరుకుంటారా. "తండ్రి బెల్లం అమ్ముతాడు, కూతురు పళ్ళు పీకిస్తుంది, ఇంటిల్లిపాదికీ ఒకటే బేరం" అని నవ్వేవారు. నాన్న కూడా నవ్వేవాడు. నాకు మాత్రం ఆ పని మొదటి వారంలోనే మనసుకు పట్టింది. సామాన్లు స్టీలు పెట్టెలో మరిగించి, ఆరబెట్టి, వరసలో పెట్టడం. గాజు పలక మీద తెల్ల పొడిలో లవంగ నూనె చుక్కలు వేసి మెత్తగా కలపడం. కొత్తవాళ్ళు కుర్చీలో బిగుసుకుపోతే వాళ్ళ ఊరేదో, పిల్లలెందరో అడిగి మాటల్లో పెట్టడం. డాక్టరు గారు చెయ్యి చాపితే ఏం కావాలని అడగకూడదు. ఆయన కళ్ళు నోట్లో ఎక్కడున్నాయో చూస్తే ఏం కావాలో తెలియాలి. తెలియనప్పుడు ఆయన కోప్పడేవారు కాదు, చెయ్యి అలాగే చాపి ఉంచేవారు, అది ఇంకా సిగ్గుగా ఉండేది. అన్నిటిలోకీ నాకు ఇష్టమైంది పుచ్చిన పంటికి వెండి నింపే పని. వెండి పొడిలో పాదరసం వేసి చిన్న కల్వంలో నూరాలి, గుడ్డలో వేసి పిండాలి, చివర అరచేతిలో వేసి బొటనవేలితో మెదపాలి. కిచకిచమని చిన్న చప్పుడు చేస్తూ మెత్తబడుతుంది. అప్పుడు వెంటనే అందించాలి, ఆలస్యమైతే గట్టిపడిపోతుంది. ఇప్పుడెవరూ పాదరసాన్ని వట్టి చేత్తో ముట్టుకోరుట. మాకు గ్లవుజులనే మాటే తెలియదు. సబ్బుతో కడుక్కోవడం, అంతే.

ఇంట్లో మాత్రం అది ఎంగిలి పని. ఊరందరి నోళ్ళలో పెట్టిన చెయ్యి. పెద్దమ్మ పనికి వెళ్ళద్దనలేదు, అరవలేదు. సాయంత్రం వీధి గుమ్మంలోంచి కాక పెరటి తలుపులోంచి రమ్మంది. నూతి దగ్గర తలారా నీళ్ళు పోసుకుని, ఆ బట్టలు అక్కడే తడిపి, అప్పుడు ఇంట్లోకి. వంటింటి గడప మాత్రం తొక్కకూడదు. నా కంచం, నా గ్లాసు వేరు. అన్నం వసారాలో. ఆవిడ వడ్డించేటప్పుడు గరిటె కంచానికి తగలకుండా పైనుంచి వేసేది, బస్తాలు మోసేవాళ్ళకి నీళ్ళు పోసినట్టు. నాకు ఉక్రోషం వచ్చేది. కానీ నేతి గిన్నె మాత్రం ఎప్పటికంటే ఎక్కువ ఒంపేది. ఆ నెయ్యి నాకు కనబడేది కాదు, ఎత్తే కనబడేది.

తమాషా ఏమిటంటే ఆ రోజుల్లోనే ఆవిడకి కుడి దవడ పన్ను పుచ్చి పీక్కు తింటోంది. లవంగం పెట్టుకునేది, కర్పూరం పెట్టుకునేది, ఉప్పు నీళ్ళు పుక్కిలించేది. తలుపు చాటున దవడ పట్టుకుని కూర్చోవడం చాలాసార్లు చూశాను. "మా డాక్టరు గారి దగ్గరికి రా పెద్దమ్మా, చిటికెలో పోతుంది" అంటే "అందరి నోళ్ళలో పెట్టినవి నా నోట్లో పెట్టించుకోనే. పళ్ళున్నంతకాలం ఉంటాయి, పోయిన్నాడు పోతాయి" అనేది.

డాక్టరు గారు అనుకున్నట్టు ఆడవాళ్ళు రాలేదు. పల్లెల నుంచి నొప్పి తట్టుకోలేక వచ్చే రైతుల ఇళ్ళ వాళ్ళే తప్ప, బజారు ఇళ్ళ నుంచి ఒక్కరూ మెట్లెక్కలేదు. కారణం మా పెరట్లోనే తెలిసింది. ఒక మధ్యాహ్నం ఇత్తడి సామాన్ల కొట్టు వారి మహాలక్ష్మమ్మ గారు మజ్జిగ తోడు కోసం వచ్చి అమ్మతో మాట్లాడుతున్నారు. ఆవిడకీ పళ్ళ బాధే. అమ్మ నా గురించి చెప్పబోయింది. "ఏమోనండి, మీ అక్కగారే వంటింట్లోకి రానివ్వని పిల్ల చేత మమ్మల్ని నోట్లో చెయ్యి పెట్టించుకోమంటారా?" అన్నారావిడ, మెత్తగానే. వంటింట్లో పెద్దమ్మ ఉంది. విన్నదో లేదో అప్పుడు తెలియలేదు.

తర్వాత కొద్ది రోజులకి డాక్టరు గారు నన్ను కూర్చోబెట్టి, "నీ పనికి వంక పెట్టలేనమ్మా. కానీ నిన్ను పెట్టుకున్నది ఆడవాళ్ళ కోసం. ఈ నెల చూద్దాం" అన్నారు. నేను ఇంటికొచ్చి నూతి దగ్గర నీళ్ళు పోసుకుంటూ ఏడ్చాను. మళ్ళీ చింతపండు పిక్కలు తీయాలి, ఇంకేముంది. పెద్దమ్మ చేదతో నీళ్ళు తోడిపెడుతోంది, నాకు దూరంగా నిలబడి. ఏమయిందే అని అడిగింది. చెప్పాను. చెప్పి ఊరుకోలేదు. "నీకు మడి ఉంది పెద్దమ్మా. నాకేముంది?" అన్నాను. ఆవిడ చేద పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి వసారాలో నా కంచంలో అన్నం అమ్మ వడ్డించింది.

మర్నాడు ఎప్పట్లాగే వంట చేసింది, నైవేద్యం పెట్టింది, అందరి భోజనాలూ అయ్యేదాకా ఉంది. అప్పుడు నాన్నని పిలిపించి, "మరిదీ, రిక్షా పిలిపించు. పళ్ళ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాలి" అంది. నాన్న తెల్లబోయి చూశాడుట. ఈ సంగతి తర్వాత అమ్మ చెప్పింది. రిక్షా వస్తే టాపు ఎత్తి ఉంది. మామూలుగా ఆవిడ ఎక్కడికి వెళ్ళినా టాపు కింద మొహం చాటు చేసుకుని కూర్చునే మనిషి. ఆ రోజు రిక్షా అతనితో "టాపు దించెయ్యి నాయనా" అందిట. నిటారుగా కూర్చుని, మిట్టమధ్యాహ్నం బజారు పొడుగునా, ఇత్తడి కొట్టు ముందు నుంచి, పూసల కొట్టు ముందు నుంచి, అందరూ చూస్తుండగా వచ్చింది.

నేను మేడ మీద కిటికీలోంచి చూశాను. మెట్లెక్కి లోపలికి వచ్చాక కుర్చీ వంక చూస్తూ నిలబడింది. చేతిలో ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న నీళ్ళ చెంబు.

"దీంట్లో అందరూ కూర్చుంటారాండీ?" అని అడిగింది డాక్టరు గారిని.

"కూర్చుంటారండి. తుడుస్తామండి" అన్నారాయన.

"అడిగానంతేనండి" అని కూర్చుంది.

పని మొదలెట్టగానే కరెంటు పోయింది. నేను కాలితో డ్రిల్లు తొక్కాను, ఆయన కనుబొమ్మలు చూస్తూ. కుర్చీ చేతులు పట్టుకోకుండా ఆవిడ తన కొంగు చివరే రెండు చేతులా పట్టుకుంది. ఒక్కసారి కూడా మూలగలేదు. నోరు కడుక్కోవడానికి చెంబులో నీళ్ళే వాడుకుంది. చివర నేను వెండి నూరి, పిండి, అరచేతిలో మెదిపి అందిస్తుంటే కళ్ళు తెరిచి నా చేతినే చూసింది. కాసేపటిదాకా ఏం తినద్దని డాక్టరు గారు చెబితే, "ఈవేళ నేను భోంచెయ్యనండి" అంది. మెట్లు దిగుతూ నన్నడిగింది: "నీ చేత్తోనే కలిపావు కదూ?" అవునన్నాను. "అయితే సరే" అంది.

వారం తిరక్కుండా మహాలక్ష్మమ్మ గారు వచ్చారు. ఆవిడ వెనక ఆవిడ తోడికోడలు, ఆ తర్వాత పూసల కొట్టు వాళ్ళు. "మన బోర్డు కంటే మీ పెద్దమ్మ గారు నయం" అని డాక్టరు గారు నవ్వారు. నాకు గర్వంతో కాళ్ళు నేల మీద ఆన్లేదు. పెద్దమ్మ చాదస్తం నేనే వదలగొట్టానని కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను. ఇప్పుడు అది తలచుకుంటే ఆ మాటలన్న నోరు మూసెయ్యాలనిపిస్తుంది.

ఎందుకంటే ఆవిడ పంటికి వెండి పెట్టించుకున్న మర్నాడు పొద్దున్న మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. అమ్మ లేచి చూస్తే పెద్దమ్మ స్నానం చేసి పెరటి అరుగు మీద కూర్చుని ఉంది. "ఇంక నువ్వు వండు" అంది అమ్మతో. అమ్మ నీరసమేమో అనుకుంది. నీరసం కాదని రెండు రోజులకి అర్థమై, నాన్న పురోహితుడు శాస్త్రులు గారిని పిలిపించాడు. ఆయన దీనికింత ఆలోచన అక్కర్లేదన్నారు. నర్సాపురం వెళ్ళి గోదావరిలో మునకలు వేసి, పంచగవ్యం పుచ్చుకుంటే అంతా పోతుందన్నారు. వెళ్ళింది, మునిగింది, పుచ్చుకుంది. తిరిగొచ్చి మళ్ళీ అరుగు మీదే కూర్చుంది. "శాస్త్రులు గారు చెప్పారు కదక్కా" అని అమ్మ అంటే, "శాస్త్రులు గారు ఒప్పుకున్నారు. నేనొప్పుకోవద్దూ? పైన అంటుకున్నదైతే మునిగితే పోతుంది. ఇది పంట్లో ఉంది. ఈ నోటితో మంత్రం చెప్పుకుంటూ దేవుడికి ఎలా వండనే" అంది. అందరి పళ్ళల్లోకీ నూరిన కల్వంలో నూరిన వెండి, ఆవిడ దవడలో అలాగే ఉండిపోయింది.

నుయ్యి పక్కన మూడు ఇటికలు పెట్టుకుంది. తన ఒక్కదానికి గుప్పెడు బియ్యం, ఒక కూర ముక్క. ఇంటిల్లిపాదికీ, వచ్చేపోయే చుట్టాలకీ వండిన చెయ్యి, అరచేతిలో పట్టే గిన్నెలో గరిటె తిప్పుకుంటూ కూర్చునేది. మొదట్లో నాన్న పెరట్లోకి వెళ్ళి ఏ కూరలు తెప్పించమంటావని అడిగేవాడు. "దాన్నడుగు" అనేది. తర్వాత అడగడం మానేశాడు. విస్తట్లో పక్కన ఉప్పు వేయించుకోవడం అలవాటు చేసుకున్నాడు. మా అమ్మ చెడ్డది కాదు. కానీ వంటింట్లో నిలబడ్డాక ఆమె గొంతు కొంచెం కొంచెంగా పెరిగింది. చుట్టాలొస్తే అమ్మనే పలకరించేవారు, పెరటి వైపు ఒకసారి తొంగి చూసి "బాగున్నారా" అనేసి వెళ్ళేవారు. ఏడాది తిరిగేసరికి ఆ ఇంట్లో ఏ సంగతీ పెద్దమ్మని ఎవరూ అడగడం లేదు. నేను రోజూ సాయంత్రం ఆ ఇటికల పొయ్యి పక్కనుంచే వచ్చేదాన్ని. రోజూ చూశాను. ఏమీ చూడలేదు.

మొన్న రాజమండ్రిలో ఆ అమ్మాయి ప్యాకెట్టు చించుతుంటే నాకు తట్టింది ఇదే. ఒకరి నోట్లోది కడిగి శుద్ధి చెయ్యకుండా మరొకరి నోట్లోకి వెళ్ళకూడదన్న పట్టింపు ఇవాళ గోడ మీద బోర్డు రాసి పెడుతున్నారు, దానికోసం మనం ఎక్కువ డబ్బిస్తున్నాం. పెద్దమ్మ ఉంటే ఆ గాజు తలుపులోంచి సందేహం లేకుండా లోపలికి నడిచేదేమో. ఆవిడదంతా మూఢత్వం అనుకుని నేనొక పరీక్ష నెగ్గినట్టు తిరిగాను. అందులో కొంత మూఢత్వమే, కొంత కాదు. ఏదెంతో వేరు చేసి చూసే ఓపిక నాకు లేకపోయింది. నాకు ఆ ఉద్యోగం కావాలి. అంతే కావాలి. అంత కావాలనుకున్నదాన్ని ఎంతకాలం నిలబెట్టుకున్నానో చెబితే ఇవాళ్టి పిల్లలు నవ్వుతారు.

పెద్దమ్మ నా రెండో కాన్పు సమయంలో పోయింది. పచ్చి బాలింతని, కొవ్వూరు నుంచి కదలనివ్వలేదు. చివరిదాకా ఆ ఇటికల మీదే వండుకుందని అమ్మ చెప్పింది. ఒకసారి అమ్మ, "అక్కా, పిల్ల ఆ పని మానేసి అత్తారింటికి పోయింది, ఇంకెందుకీ పంతం, లోపలికి రా" అని చెయ్యి పట్టుకుందిట. పంతం కాదే అని చెయ్యి విడిపించుకుందిట. ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరికీ నా తప్పు కనబడలేదు. ఆడపిల్ల పెళ్ళి చేసుకుని ఉద్యోగం మానెయ్యడం తప్పెలా అవుతుంది? అందుకే ఈ బరువు దింపుకోవడానికి నాకు మనిషి దొరకలేదు.

సంబంధం కొవ్వూరు నుంచి వచ్చింది. మంచి కుటుంబం, అబ్బాయి నెమ్మదస్తుడు, ఇప్పటికీ నెమ్మదస్తుడే. వాళ్ళు అడిగింది ఒక్కటే. కాబోయే అత్తగారు మధ్యవర్తితో "ఆ ఎంగిలి పని మాత్రం మాన్పించండి" అని కబురు పెట్టారు. మా ఇంట్లో ఎవరూ ఒక్క క్షణం ఆలోచించలేదు. నేను కూడా ఆలోచించలేదు. పెళ్ళి సంబరం. డాక్టరు గారికి చెబితే ఆయన గాజు పలక తుడుస్తూనే, "రాజమండ్రి వాళ్ళతో నీ గురించి మాట్లాడానమ్మా. వచ్చే నెల రమ్మన్నారు" అన్నారు. అయ్యో అన్నాను. అంతకు మించి ఏమీ అనిపించలేదు. ఆఖరి రోజు సామాన్లన్నీ మరిగించి, వరసలో పెట్టి, చేతులు కడుక్కుని వచ్చేశాను.

అలవాటుగా పెరటి తలుపులోంచే వచ్చాను. పెద్దమ్మ ఇటికల పొయ్యి ముందు కూర్చుని ఉంది. పుల్లలు పచ్చివి, పొగ సుళ్ళు తిరుగుతోంది.

"పెద్దమ్మా, ఈవేళ్టితో మానేశాను" అన్నాను హుషారుగా. "రేపట్నుంచి నూతి దగ్గర స్నానాల్లేవు, వేరే కంచాల్లేవు."

"మానేశావా?"

"వాళ్ళకిష్టం లేదుట. అత్తగారు కబురు పెట్టారుట."

"నీకిష్టమేనా?"

"పెళ్ళి కదా పెద్దమ్మా."

ఆవిడ పుల్ల లోపలికి తోసింది. మంట అందుకునేదాకా చూసింది. "నువ్వు మానేశావు. బాగానే ఉంది. నేనెలా మానేదే?" అంది.

నాకు నిజంగా అర్థం కాలేదు. నవ్వాను. "నువ్వేం మానాలి పెద్దమ్మా?" అన్నాను.

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. కళ్ళు తుడుచుకుంది, పొగకే అనుకున్నాను. "ఇక్కడ నిలబడకు, పొగ తగులుతుంది. నీళ్ళు పోసుకుని లోపలికి పో. ఇంక నువ్వు వంటింట్లోకి పనికొస్తావు" అంది.

నీళ్ళు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఆవిడ పక్కనుంచే నడిచి వెళ్ళాను. వంటింట్లో అమ్మ పెళ్ళివారి కోసం బూరెలు వేస్తోంది. రా రా అని పిలిచి, వేడివేడిది ఒకటి చేతిలో పెట్టింది. గడప లోపల, పెరటి వైపు వీపు పెట్టి నిలబడి తిన్నాను.